కస్తూరి నిమ్మ ఊరగాయ, నిల్వ ఒకటి

జూన్ 3, సోమవారం

మా ఆన్‌లైన్ కొట్లో ఈ వారం టెస్ట్ ఆర్డర్ పెట్టాను. కారప్పొడి, పావుకిలో, ఒకటి. పేరు రూబన్, చిరునామా సైబర్‌జయలో ఈ ఫ్లాటే. పెట్టగానే నిల్వ పదకొండు నుంచి పదికి దిగింది, ఆర్డరు నమోదైంది. రెండూ ఒక్కసారే జరగాలి. ఒకటి జరిగి రెండోది జరక్కపోతే రెండూ వెనక్కి పోవాలి. తొమ్మిదేళ్ళ కిందట నేను రాసిన పద్ధతి అది. ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

నలభై నిమిషాలకు వల్లి దాన్ని రద్దు చేసింది, సుంగై సుమున్‌లో వాళ్ళ అన్న ఇంట్లో కూర్చుని. నోట్ కాలమ్‌లో "టెస్ట్. రద్దు." అని రాసింది, చుక్కలతో సహా. నిల్వ మళ్ళీ పదకొండు.

సిస్టమ్ బాగానే పని చేస్తోంది.

జూన్ 4

వాన. ఆర్డర్లు మూడు. మూడూ అప్పడాలే. పార్సిళ్ళు ఇప్పుడు సుంగై సుమున్ నుంచే వెళ్తున్నాయి.

జూన్ 7

ఆఫీసులో పునిత మా కొట్టు అప్పడాలు కావాలని అడిగింది. వెబ్‌సైట్‌లో పెట్టుకో, రెండ్రోజుల్లో వస్తాయి అన్నాను. వల్లి అక్కకే నేరుగా చెప్పవచ్చు కదా, ఇంట్లోనే ఉంటుంది కదా అంది. వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళింది, రేపోమాపో వస్తుంది అని చెప్పాను.

పునిత తన సీటుకు వెళ్ళిపోయింది. వల్లి వాళ్ళమ్మ పోయినప్పుడు పునిత వచ్చి పూలదండ వేసింది. ఆ సంగతి నాకు లిఫ్టులో గుర్తొచ్చింది.

జూన్ 9, ఆదివారం

ఏమీ తోచక రిపోజిటరీ అంతా ఒకసారి తిరిగి చూశాను. కొట్టు మొత్తం అందులోనే ఉంది. అరవై నాలుగు సరుకులు, వాటి ఫోటోలు, ఎంత ఉంది, ఎంత పోయింది, ఎవరు ఆర్డర్ పెట్టారు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారు. ఒక అంకె మారిస్తే పాత అంకె చెరిగిపోదు, కిందికి దిగి కూర్చుంటుంది. ఎవరు మార్చారో పేరుంటుంది, గంట నిమిషం ఉంటుంది, ఎందుకు మార్చారో రాయడానికి పక్కన నోట్ కాలమ్ ఉంటుంది. నేను ఆ కాలమ్‌లో ఎప్పుడూ ఏమీ రాయను. వల్లి రాయకుండా వదలదు. తెలుగులోనే రాస్తుంది. మేమిద్దరం కలిసింది కౌలాలంపూర్‌లో తెలుగు సంఘం ఆదివారం బడిలో, పిల్లలకు ఒత్తులు నేర్పుతూ. నాకంటే ఆమె దస్తూరి బాగుండేది. కీబోర్డు మీద దస్తూరి తెలియదు కానీ ఆ చుక్కలు మాత్రం ఆమెవే.

"వానకి తడిసినాయి. రెండు తీసేసినాను."
"వదిన కొత్త మిరపకాయ తెచ్చినాది. ఘాటు తక్కువ."
"మెంతులు మాడినాయి. ఈ డబ్బా అమ్మొద్దు."

కూర్చుని వరసగా చదివాను. ఇది పని కిందే లెక్క. నిల్వలు సరిచూడాలంటే నోట్స్ చదవాలి కదా.

ఒకటి గమనించాను. ఒకే రికార్డును ఇద్దరు తెరిచి ఇద్దరూ మారిస్తే, ముందు సేవ్ చేసినవాళ్ళది నిలుస్తుంది. రెండోవాళ్ళకు ఎర్ర గీతతో ఒక హెచ్చరిక వస్తుంది: ఈ రికార్డును ఇప్పుడే మరొకరు మార్చారు, మీది ఉంచాలా, వారిది ఉంచాలా? వల్లి ఇక్కడ ఉన్నప్పుడు ఇది రోజుకు నాలుగుసార్లు వచ్చేది. నేను ఈ గదిలోంచి అరిచేవాణ్ణి, ఆమె వంటింట్లోంచి అరిచేది, ఎవరో ఒకరు తగ్గేవాళ్ళం. ఎక్కువగా నేనే తగ్గేవాణ్ణి. నిజానికి ఆమే తగ్గేది.

నవంబరు నుంచి ఆ హెచ్చరిక ఒక్కసారి కూడా రాలేదు. ఇద్దరి వేళలూ వేరైపోయాయి. సిస్టమ్‌కు అది మంచిదే.

జూన్ 10

టెస్ట్ ఆర్డర్. వాము, ఒకటి. ఇరవై రెండు నిమిషాల్లో రద్దు. "టెస్ట్. రద్దు."

జూన్ 16, ఆదివారం

శంకర్ ఫోన్ చేశాడు. వల్లి అన్న. ఏడు నెలల్లో ఇదే మొదటిసారి. ముందు ఎండ గురించి, తర్వాత కొబ్బరి ధర గురించి మాట్లాడాడు. అసలు మాట చివరికి వచ్చింది.

"బావా, అమ్మకి ఏడాది ఒస్తన్నాది. ఆషాడం పున్నమి, జులై ఇరవై ఒకటో తారీకు. నువ్వొస్తావో రావో నాకు తెల్దు. సెప్పడం నా వంతు."

వల్లి చెప్పమందా అని అడిగాను. "దాన్నడగనేదు" అన్నాడు. అన్నీ చేస్తున్నారట, ఆమెకు ఇష్టమైనవన్నీ ఆకులో వేస్తారట అని చెప్పి, "అమ్మ ఊరగాయొక్కటే నేదు" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, ఉప్పు లేదన్నట్టే అన్నాడు.

ఆఫీసులో సెలవు దొరకదు అని చెప్పాను.

ఒక్క సీసా. ఆ ఒక్క సీసా కోసం ఇంత దూరం వచ్చింది వ్యవహారం. అన్న కూడా ఇంకా అదే పట్టుకుని కూర్చున్నాడు. వ్యాపారం అన్నాక సరుకు అమ్ముడవుతుంది. అమ్మడానికే కదా కొట్టు పెట్టింది.

జూన్ 17

టెస్ట్ ఆర్డర్ పెట్టలేదు. మరిచిపోయాను.

జూన్ 18

మరిచిపోలేదు. పెట్టబుద్ధి కాలేదు.

జూన్ 22, శనివారం

శంకర్ అన్నది మనసులోంచి పోలేదు. ఊరికే చూద్దామని కస్తూరి నిమ్మ ఊరగాయ రికార్డు తెరిచాను. నిల్వ: సున్నా. అమ్ముడైనది నవంబరు 4. అది నాకు తెలిసిందే.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. పాత వెర్షన్లు తెరిచాను. నేను అక్టోబరులో శుభ్రం చేయకముందువి. పోయిన జులైలో ఒకటుంది, వల్లి వాళ్ళమ్మ దాలమ్మత్త పోయిన తొమ్మిదో రోజుది. నిల్వ: ఒకటి. మార్చినవారు: పుష్పవల్లి. నోట్:

"అమ్మ సేత్తో పెట్టినదాన్లో ఆఖర్ది. అమ్మొద్దు. ఏడాదికి ఆకులో ఎయ్యాలి."

ఇవాళ ఇంకేమీ రాయను.

జూన్ 23, ఆదివారం

రాయాలి. ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. బియ్యం డబ్బా అడుగు ఊడ్చరు. కొత్త బియ్యం వచ్చేదాకా ఒక గుప్పెడు అడుగున ఉంచుతారు. ఊరగాయ జాడీ అయినా అంతే, ఉప్పు సీసా అయినా అంతే. దాలమ్మత్త ఎస్టేట్ కూలీల లైన్ ఇంట్లో, నెలాఖరుకు ఏమీ మిగలని రోజుల్లో కూడా ఆ గుప్పెడు ముట్టుకోలేదట. కొట్టు పెట్టిన కొత్తలో అత్త ఒకటే మాట అడిగింది, ఏ సరుకైనా ఆఖరిది అమ్మవద్దని. నేను నవ్వుకుంటూనే రాశాను: ఉన్నదానికంటే ఒకటి తక్కువే అమ్మకానికి కనిపించాలి. అరవై నాలుగు సరుకులు, అరవై నాలుగు సీసాలు ఊరికే అరలో.

పోయిన అక్టోబరులో దీపావళి రద్దీ వస్తుందని సిస్టమ్‌ను కొత్తదానికి మార్చాను. నోట్ కాలమ్‌లో తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా చెదిరిపోయి వచ్చాయి. సరిచేయడానికి రెండు రోజులు పడుతుంది. ఎవరు చదువుతారులే అనుకుని నోట్స్ వదిలేసి అంకెలు మాత్రమే తెచ్చాను. ఆ "ఒకటి తక్కువ" లైను కూడా తీసేశాను. అరవై నాలుగు సీసాలు అమ్మకానికి వచ్చాయని వల్లికి గొప్పగా చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆమె అప్పుడు సుంగై సుమున్‌లో ఉంది, నాలుగో మాసికానికి.

నవంబరు 4న ఆర్డరు వచ్చింది. కస్తూరి నిమ్మ ఊరగాయ, ఒకటి. నిల్వ ఒకటి నుంచి సున్నాకు దిగింది, ఆర్డరు నమోదైంది. రెండూ ఒక్కసారే. వల్లి లేదు కాబట్టి నేనే అరలోంచి తీసి, నేనే కాగితం చుట్టి, నేనే పెట్టెలో పెట్టి కొరియర్‌కు ఇచ్చాను. తొమ్మిదేళ్ళలో నా చేత్తో కట్టిన మొదటి పార్సిలు అది. ఆమెకు సాయం చేస్తున్నాననుకున్నాను.

ఆమె వచ్చి అర చూసింది. ఏదని అడిగింది. అమ్ముడుపోయింది అన్నాను. మంచిదే కదా అని కూడా అన్నాను. ఏడాది సూతకం కాబట్టి ఆ దీపావళికి ఇంట్లో దీపాలు లేవు. మర్నాడు పొద్దున వెళ్ళిపోయింది. దువ్వెన, ఇంట్లో వేసుకునే చెప్పులు, ఇనప మూకుడు ఇక్కడే ఉన్నాయి. సగం జరిగిన పని ఇది. నా సిస్టమ్ అయితే ఒప్పుకోదు, మొత్తం వెనక్కి తిప్పేస్తుంది.

ఆ నోట్ నేను చదివి ఉంటే ఆ సీసా ముట్టుకునేవాణ్ణి కాదు. ఆమె చెప్పలేదనే కదా ఏడు నెలలుగా నేను అనుకుంటున్నది. ఆమె చెప్పింది. నేను చూస్తానని ఎక్కడ అనుకుందో అక్కడే రాసింది.

జూన్ 25

ఆర్డరులో పేరు ఎస్. సుప్పయ్య. సెంతుల్, బ్లాక్ సి, ఏడో అంతస్తు. వల్లికీ ఈ చిరునామా కనిపిస్తుంది. కానీ కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి అమ్మినదాన్ని అడుక్కునే మనిషి కాదు వల్లి.

ఏడు నెలలయింది. ఊరగాయ సీసా ఎవరింట్లో ఏడు నెలలు ఉంటుంది? మా ఇంట్లో అయితే పదిహేను రోజులు.

జూన్ 29, శనివారం

ఎమ్మార్టీ రైలెక్కి సెంతుల్ వెళ్ళాను. బ్లాక్ సి కింద మామక్ టీకొట్లో తే తారిక్ తాగాను. ఇంకోటి తాగాను. ఏడో అంతస్తులో ఎవరివో లుంగీలు ఆరేసి ఉన్నాయి. వాన మొదలైంది. వెనక్కి వచ్చేశాను.

వాన వచ్చింది కాబట్టి వచ్చేశాను.

జులై 1

టెస్ట్ ఆర్డర్ పెట్టలేదు. మూడు వారాలుగా పెట్టడం లేదు. ఎందుకు ఆగిపోయిందని ఎవరూ అడగలేదు. ఎవరైనా అడుగుతారని నేనేమీ ఎదురుచూడలేదు.

సాయంత్రం కారప్పొడి రికార్డులో వల్లి ఒక నోట్ పెట్టింది. నిల్వ మార్చలేదు, పదకొండే. నోట్ మాత్రం పెట్టింది: "సిస్టమ్ పన్జేస్తందా."

ప్రశ్నగుర్తు లేదు. ఎవరిని అడిగిందో లేదు. నేను జవాబు టైపు చేశాను, చెరిపేశాను, మళ్ళీ టైపు చేశాను. చివరికి "పని చేస్తోంది" అని పెట్టాను. తొమ్మిదేళ్ళలో ఆ కాలమ్‌లో నా మొదటి మాట అదే.

జులై 6, శనివారం

ఇవాళ పైకి వెళ్ళాను.

తలుపు తీసింది సుప్పయ్యగారి కోడలు సుమిత. ముప్పై ఏళ్ళుంటాయేమో. నేను మెళ్ళో ఆఫీసు కార్డు వేసుకుని వెళ్ళాను, కాస్త నమ్మకంగా ఉంటుందని. కంపెనీ నుంచి వచ్చాను, నవంబరులో అమ్మిన ఊరగాయ నాణ్యత తనిఖీ చేస్తున్నాము, సీసా మిగిలి ఉంటే వెనక్కి తీసుకుని రెండు కొత్తవి ఇస్తాము అని దారంతా బట్టీపట్టినదంతా చెప్పాను. ఆ అమ్మాయి బెదిరిపోయింది. పాడైపోయిందా అంకుల్, మా మావయ్య తిన్నారు, ఆయనకు బీపీ ఉంది అని తమిళంలోనూ తెలుగులోనూ కలిపి అడిగింది. నాకు సిగ్గేసింది.

లోపలి నుంచి ముసలాయన పిలిచాడు. సుప్పయ్యగారికి ఎనభై దాటి ఉంటాయి. కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నన్ను ఎదురుగా కూర్చోమని సైగ చేసి చాలాసేపు చూశాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

సైబర్‌జయ అన్నాను.

"అది ఊరు కాదు లా. మీ ఆడోళ్ళది ఏ ఊరు?"

సుంగై సుమున్ అన్నాను. ఆయన దాని పక్కనే, బాగన్ దాతూ వైపు ఎస్టేట్‌లో పుట్టాడట. పన్నెండేళ్ళకు అక్కణ్ణుంచి వచ్చేశాడు. కోడలు ఫోన్‌లో ఏదో చూస్తుంటే ఆ పచ్చని చిన్న కాయల ఊరగాయ ఫోటో కనిపించిందట. కస్తూరి నిమ్మ కోయకుండా కాయకు కాయ ఊరబెట్టడం వాళ్ళమ్మ తర్వాత ఎక్కడా చూడలేదట. తెప్పించమని తనే అడిగాడట. అంతా చెప్పి, నా మెళ్ళో కార్డు వైపు చూశాడు.

"ఊరగాయకి తనికీ ఏటి? నిజం సెప్పు. ఎవుర్ది అది?"

చెప్పాను. సిస్టమ్ సంగతి ఆయనకు అర్థం కాలేదు, నేనూ పట్టుపట్టలేదు. మా అత్త చేత్తో పెట్టిన ఆఖరి సీసా, నా భార్య ఏడాదికి దాచుకున్నది, నేను చూసుకోకుండా అమ్మేశాను అని మాత్రం చెప్పాను. ఏడు నెలలుగా ఈ మాట నేను బయటికి అనలేదు. ఒక మనిషికి చెప్పింది ఇదే మొదలు, అదీ ఎవరో తెలియని మనిషికి.

సుమిత నా ముందు మంచినీళ్ళు పెట్టింది. ఆ సీసా ఎప్పుడో అయిపోయింది అంకుల్, కడిగేద్దామని మూడుసార్లు వెతికాను, ఎక్కడ పెట్టారో కనిపించలేదు అంది.

ముసలాయన మెల్లగా లేచాడు. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. బియ్యం డబ్బా జరిపిన చప్పుడయింది. వచ్చేటప్పుడు చేతిలో సీసా ఉంది. మా సీసాయే. మా లేబులే, నూనె మరకలతో. అడుగున వేలెడు నూనె, అందులో నల్లబడిన ఒకే ఒక్క కాయ.

"ఉగాదికి ముందే అయిపోవాలిది" అన్నాడు. "ఆఖరి కాయ ఎవుడు తింటాడు? అడుగు ఊడ్సకూడదు. మాయమ్మ సంపేసీది."

నేను సీసాను రెండు చేతులతో పట్టుకున్నాను. సుమిత గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోసింది.

ఆయనకు ఏమివ్వాలని అడిగాను. ఏమీ వద్దన్నాడు. గుమ్మం దాకా వచ్చి మాత్రం, వచ్చే ఏడు మా వాళ్ళు కస్తూరి నిమ్మ పెడితే తనకొక సీసా గుర్తుపెట్టుకోమన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు.

"మూత బిగించి పంపించండి బాబూ. అప్పుడు నూనంతా కారిపోయి ఒచ్చినాది. ఎవుడో సేతకానోడు కట్టినాడు."

ఎవరో నేను చెప్పలేదు.

జులై 7, ఆదివారం

సీసా బల్ల మీద ఉంది. మూత తీసి వాసన చూశాను. దాలమ్మత్త వంటిల్లు. మూత పెట్టేశాను. ఆమె నన్ను అల్లుడని పిలిచేది కాదు, "నాయనా" అనేది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని తింటుంటే కంచంలో చూడకుండానే రెండో కాయ పడేసి వెళ్ళేది.

పొద్దుటి నుంచి దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇవాళ ఫ్లాట్‌లో ఒక్కణ్ణే ఉన్నట్టు అనిపించలేదు. తర్వాత ఇంకా ఎక్కువగా అనిపించింది.

జులై 9

ఎలా చేర్చాలి? నేనే తీసుకెళ్ళవచ్చు. కానీ ఆఫీసులో సెలవు దొరకదు.

జులై 11

ఆ "ఒకటి తక్కువ" లైను మళ్ళీ రాశాను. పాత నోట్స్ అన్నీ, అక్షరాలు సరిచేసి, వాటి వాటి రికార్డుల్లో తిరిగి పెట్టాను. నాలుగు వందల పన్నెండు. రెండు రోజులు పడుతుందనుకున్నాను, నాలుగు రోజులు పట్టింది. "అమ్మ వద్దన్నాది." "ఈ కాయ అమ్మ ఏరినాది, పేరు రాయండి." ఒకటి నా గురించి కూడా ఉంది, ఆరేళ్ళ కిందటిది, నువ్వుల పొడి రికార్డులో: "రూబన్‌కి ఇష్టం. రెండు పక్కకి తీసినాను."

ఆ నువ్వుల పొడి నేను తిన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు అడగలేదు.

జులై 15, సోమవారం

సీసాను పాత తువ్వాల్లో చుట్టి, పెట్టెలో పెట్టి కొరియర్‌కు ఇచ్చాను. చీటీ రాద్దామని మూడు కాగితాలు పాడుచేశాను. ఒకదాంట్లో క్షమించమని రాశాను, అది ఆర్డరు ఆలస్యమైనందుకు కస్టమర్లకు పంపే ఉత్తరంలా ఉంది. చివరికి చీటీ లేకుండానే పంపాను. పంపేవారి పేరు దగ్గర కొట్టు పేరు రాశాను.

మూత మూడుసార్లు బిగించాను.

జులై 16

చేరలేదు.

జులై 17, బుధవారం

ఆఫీసులో మధ్యాహ్నం పన్నెండుంపావుకు ఫోన్‌లో కొరియర్ మెసేజ్ వచ్చింది: పార్సిలు అందించబడింది, తీసుకున్నవారు పుష్పవల్లి. పునిత అన్నానికి పిలిస్తే తర్వాత వస్తానన్నాను.

ల్యాప్‌టాప్‌లో కస్తూరి నిమ్మ ఊరగాయ రికార్డు తెరిచాను. నిల్వ: సున్నా. దాన్ని ఒకటి చేశాను. అమ్మింది నేను కాబట్టి వెనక్కి తెచ్చినట్టు నమోదు చేయవలసిందీ నేనే. నోట్ దగ్గర ఆగిపోయాను. "తిరిగి వచ్చింది" అని రాశాను. చెరిపాను. "నాది తప్పు" అని రాశాను. అలాగే ఉంచి, "నీ నోట్ నేను ఇప్పుడు చదివాను" అని దాని పక్కన చేర్చాను. ఇరవై నిమిషాలు పట్టింది ఆ నాలుగు మాటలకు. సేవ్ నొక్కాను.

ఎర్ర గీత వచ్చింది.

ఈ రికార్డును ఇప్పుడే మరొకరు మార్చారు. మీది ఉంచాలా, వారిది ఉంచాలా?

ఈ కొట్టులోకి రాగలిగేవాళ్ళం ఇద్దరమే. చాలాసేపు ఆ గీతను అలాగే చూస్తూ కూర్చున్నాను. పునిత తిని వచ్చేసింది, కళ్ళెందుకు అలా ఉన్నాయని అడిగింది. స్క్రీన్ చూసి చూసి అన్నాను.

వారిది తెరిచాను. మార్చినవారు: పుష్పవల్లి. గంట: పన్నెండు ముప్పై నాలుగు. నిల్వ: ఒకటి. నోట్:

"నువ్వే కట్టినావని తెల్సింది. మూత సరీగ బిగించనేదు, నూనె తువ్వాలంతా కారిపోనాది. కాయ బాగుంది. అమ్మొద్దు. ఆదివారం పదింటికి ఆకు ఏస్తాం."

నాది తీసేసి ఆమెది ఉంచాను.

ఆదివారం సెలవే. ఎప్పుడూ సెలవే.